గుంత కొలతకు మిగిలిన బండలు

ఇంటి నేలకు ఎన్ని బండలు కావాలో లెక్క వేసింది నేను. సివిల్ డిప్లొమా చదివినందుకు మా ఇంట్లో నాకు దక్కిన గౌరవం అదొక్కటే. గదుల పొడవు, వెడల్పు టేపుతో కొలిచాను. విరిగిపోయే వాటికని పదోవంతు కలిపాను. ముందు గదిలో మగ్గం గుంత ఉన్న చోటును లెక్కలోంచి తీసేశాను, గోడల లెక్కలో తలుపులకూ కిటికీలకూ తీసేసినట్టే. నాయన ఆ కాగితం తీసుకుని, బొమ్మలో నేను ఖాళీగా వదిలిన గడి మీద వేలు పెట్టాడు.

"ఇదేనా గుంత?"

అవునన్నాను.

"సరిగ్గానే గీసినావు" అన్నాడు.

మాది నేసే ఇల్లు. గుంత అంచున నేల మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. గుంత లేకపోతే మా మగ్గం నిలబడదు. కొత్త ఇంటి కోసం పాత మిద్దె కూల్చినప్పుడు మగ్గాన్ని విప్పి, కొయ్యలన్నీ కట్టగట్టి, దొడ్లో రేకుల కింద పెట్టాం. ఇల్లు అయిపోతే మళ్లీ అదే చోట నిలబెట్టాలని నాయన ఆశ. గోడలు లేస్తున్నన్నాళ్లూ గుంత మీద రేకు కప్పి, ఇటుక ముక్క కూడా లోపల పడకుండా చూసుకున్నాడు. మేస్త్రీలు నవ్వుకునేవాళ్లు.

బండలు తెప్పించింది మాత్రం అన్న. అన్నకు బేతంచెర్ల దిక్కున సిమెంటు ఫ్యాక్టరీలో పని, నెలకోసారి వస్తాడు. వదిన, పాప మాతోనే ఉంటారు. ఎర్రగుంట్ల నుంచి ట్రాక్టరులో కడప బండలు దిగాయి. నేల పరచడం పూర్తయ్యాక ప్రహరీ గోడకు ఆనించి ఉన్న నల్ల బండల వరుస చూస్తే, విరిగే వాటికని కలిపినదానికంటే ఎక్కువే మిగిలాయి. నా లెక్క తప్పిందేమోనని మళ్లీ వేసుకున్నాను. తప్పలేదు. అన్న గుంత చోటును లెక్కలోంచి తీసెయ్యకుండా, గది మొత్తానికీ బండలు తెప్పించాడు.

ఫోన్ చేసి అడిగాను. దాచలేదు.

"ఇంగా గుంతెందుకురా? పాప పాకుతాంది, పడితే ఎవురు చూడాల? ఎవురన్నా ఇంటికొస్తే ముందు గదిలో ఆ గుంతేందని అడుగుతారు. ఈసారి వచ్చినప్పుడు మూయిస్తా. బండలు ఉండాయి కదా."

ఫోను స్పీకరులో ఉంది. నాయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు. మరుసటి రోజు పొద్దున్నుంచే మిగిలిన బండలకు పనులు వెతకడం మొదలుపెట్టాడు.

మొదట గుడ్డలుతికే బండ. తర్వాత వంటింటి మూల నీళ్ల బిందెలకు పీట. ఆ తర్వాత తొట్టి మీద మూత, బయట నీళ్లు కాగబెట్టే పొయ్యికి గాలి తగలకుండా రెండు నిలువు బండలు, స్నానాల గదిలో సబ్బు పెట్టుకునే అర, దొడ్డి గుమ్మానికి మెట్టు. అరచేతంత ముక్కలను కూడా వదల్లేదు. ఒకటి మంచం కోడు కిందికి, ఒకటి ఊరగాయ జాడీ మూత మీదికి, నాలుగు రేకులు గాలికి లేవకుండా బరువుకు. అన్నిటికీ చోటు చూసిపెట్టాడు, ఒక్కో ముక్క పట్టుకుని ఇల్లంతా తిరిగి.

వదిన సంతోషపడింది. "మామకు చేతికి పని దొరికింది. ఇంగ మగ్గం గుర్తుకు రాదు" అని నాతో అంది.

అమ్మకు మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది. "ఇంట్లో చోటు అయిపోతే నా నెత్తిన కూడా ఒక బండ పెట్టేటట్టుండాడు మీ నాయన" అని విసుక్కునేది. మళ్లీ తనే గొంతు తగ్గించి, "పెట్టనీలే. ఒక్కటి కూడా మిగలకపోతే వాడు దేంతో మూస్తాడు?" అనేది.

పక్కింటి సాయిబు గోడ మీద నుంచి తొంగి చూసి నాయనను ఎగతాళి చేశాడు. "ఏమన్నా, నేసేది ఇడిసిపెట్టి బండల అంగడి పెట్టినావా?"

"నీకూ ఒకటి తీసకపో భాయ్. కాళ్లు కడుక్కునే కాడ ఏసుకుందువు."

"దుడ్లెంత?"

"ఏమొద్దు. బిన్నా తీసకపో, మళ్లా మిగలవు."

సాయిబు నవ్వుతూనే రెండు మోసుకుపోయాడు.

నాయన దేనికీ సిమెంటు పెట్టలేదు. కింద ఇటుకలు పేర్చి, పైన బండ ఆనించి, చేత్తో ఊపి చూసి, ఊగితే సందులో చిన్న పెంకు దోపేవాడు. సిమెంటు పెడితే కదలకుండా ఉంటాయి కదా అన్నాను. "కదపాల్సి వస్తే?" అన్నాడు. మగ్గం మీద తప్పు పోగు పడితే వెనక్కి విప్పుకుంటూ పోయి సరిచేసుకోవచ్చు. ఆ అలవాటుతోనే బండలు కూడా పెట్టాడు.

చివరికి రెండు పెద్ద బండలు మిగిలాయి. వీధి వైపు రెండు ఇటుక దిమ్మెలు పేర్చి, వాటి మీద ఆ రెండూ పరిచి అరుగు చేశాడు. సాయంత్రానికల్లా వీధిలో వాళ్లు దాని మీద చేరి మాటలు పెట్టుకున్నారు. బండల వరుస ఉన్నచోట నాయన చీపురుతో ఊడ్చి, రేకుల కింద నుంచి మగ్గం కొయ్యలు తీసి, ఎండలో పెట్టి దుమ్ము తుడిచాడు. ఇల్లు కట్టడం మొదలయ్యాక ఆయన ఈల వేయడం నేను ఆరోజే విన్నాను.

అన్న బండలు పరిచే బేల్దారిని వెంటబెట్టుకునే వచ్చాడు. ప్రహరీ దగ్గర నిలబడి అడిగాడు.

"బండలు యాడ బోయినాయి?"

"అన్నీ వాడేసినాడప్పా మీ నాయన" అంది అమ్మ, కొంచెం గర్వంగానే.

అన్న ఇల్లంతా తిరిగి చూశాడు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. ఉతికే బండను కాలితో కదిపాడు. తొట్టి మూత ఎత్తి చూశాడు. వీధిలోకి పోయి అరుగు బండను ఒక చివర పట్టుకుని లేపాడు. లేచింది.

"శానా బాగా చేసినావు నాయనా. ఒక్కదానికి కూడా సిమెంటు పెట్టలేదు, మనకు పని సులువైంది."

"అది కూర్చునేదానికి పెట్టిందప్పా. వీధిలో అందరూ కూర్చుంటాండారు."

"సోఫా తెస్తాండా కదా. ఇంట్లో కూర్చో."

"మగ్గం?"

"ఎవురికి నేస్తావు నాయనా? నూలు ఇచ్చే షావుకారే అంగడి మూసుకున్నాడు."

అది నిజం. నాయన ఎండలో ఉన్న కొయ్యల వైపు ఒకసారి చూసి, అన్నను చివరగా ఒకటే అడిగాడు. "మూస్తే మూయండి. సందులు మాత్రం పూయొద్దు. ఒట్టిగా మూత మాదిరి పరచండి."

నాయన దృష్టిలో సందు పూయనంతవరకు అది మూతే, ఎప్పుడైనా తీయొచ్చు. పూస్తే ఇంక నేల.

బేల్దారి తల అడ్డంగా ఊపాడు. "ఒట్టిగా పరిస్తే కుదరదు మామా. కింద బోలుగా ఉంటే అడుగు పెడితే విరుగుతాది. గుంత నింపాల."

అన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ఇంజనీరూ. విరుగుతాదా?"

అంత వెడల్పుకు, ఆ మందానికి, కింద ఆధారం లేకపోతే విరుగుతుంది. అదే చెప్పాను. నాయన నా వైపు చూడలేదు.

పాత మిద్దె మట్టి, ఇటుక పెళ్లలు దొడ్లో ఇంకా కుప్పగానే ఉన్నాయి. వాటినే తట్టలతో తెచ్చి గుంతలో పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టారు. అరుగు బండలు రెండూ పైన పరిచారు. నాయన అరుగుకు వేసుకున్న ఆ రెండూ గుంత కొలతకు దాదాపు సరిపోయాయి. ఒక అంచున వేలెడు వెడల్పు ఎక్కువైతే మిషనుతో కోశారు. గది నిండా తెల్లటి దుమ్ము లేచింది. సందుల్లో సిమెంటు పాలు పోసి, బేల్దారి గుడ్డతో తుడిచాడు. తుడిచాక గుంత ఎక్కడుండేదో తెలియని వాళ్లకు తెలియదు. మొదట నేను వేసిన లెక్కలో లేని బండలు రెండు, అన్న వేసిన లెక్క ప్రకారం సరిగ్గా పడ్డాయి.

పని అయిపోయింది. కోసిన సన్నటి ముక్క ఒకటి మిగిలింది. బేల్దారి దాన్ని పట్టుకుని వీధిలోకి వచ్చాడు. నాయన అక్కడ బండలు లేని ఇటుక దిమ్మెల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈ ముక్క యాడ పెట్టాల మామా?"

అరచేతంత ముక్కకు కూడా చోటు చూసిపెట్టిన మనిషి, దాని వైపు చూడనైనా చూడలేదు.

"యాడన్నా పారెయ్యప్పా" అన్నాడు.