నాయన గొంతుకు మా కాపలా

మా నాయన భజన పాడేవాడు. దుమ్ముగూడెం దాటాక గోదావరి పక్కన చిన్న ఊరు మాది. చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా, ఏ గుళ్లో పండగైనా మా ఊరి భజన బృందాన్నే పిలిచేవాళ్లు. మొదటి పాట ఎత్తుకునేది నాయనే. ఆయన ఎత్తుకుంటేనే మిగతావాళ్ల తాళాలు మోగేవి.

ఆ గొంతుకు ఇంటిల్లిపాదీ కాపలా. పెరుగు పొయ్యకూడదు. అరటిపండు కంటికి కనపడకూడదు. ఎండ మాడ్చేస్తున్నా కుండలో నీళ్లు ముట్టడు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని కొత్త పెళ్లికొడుకులా కూర్చునేవాడు. ఘాటుకు గొంతు పోతుందని మిరప కళ్లంలో అడుగు పెట్టేవాడు కాదు. అమ్మకు కాపాడుకోవాల్సిన గొంతు లేదు కాబట్టి కాయలు ఎండబెట్టడం, తెల్లబారిన తాలుకాయలు ఏరడం, రోజంతా తుమ్మడం అన్నీ ఆమె పనే.

అన్నిటికన్నా గట్టి నియమం మౌనం. పెద్ద భజన ఉందంటే రెండ్రోజుల ముందు నుంచే నాయన నోరు కట్టేసుకునేవాడు. ఏం కావాలన్నా సైగలే. అవి నాకు ఎప్పుడూ సరిగ్గా అర్థమయ్యేవి కావు. అమ్మకు మాత్రం కూరలో ఉప్పు తగ్గిందన్న సంగతి కూడా ఆయన కనుబొమ్మలు చూస్తే తెలిసిపోయేది. మౌనంలో ఉన్న మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదు. చెబితే ఆయన నోరు విప్పాల్సి వస్తుంది కదా! బర్రె తప్పిపోయినా పాట అయ్యాకే చెప్పేవాళ్లం.

"ఊరికేమో పాట, నాకేమో సైగలు. నేను చేసుకున్న పుణ్యం గట్లున్నది" అని అమ్మ నవ్వేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మొన్నటి శ్రీరామనవమికి చర్ల వైపు ఒక ఊళ్లో భజన ఒప్పుకున్నారు. నేను ఖమ్మంలో బట్టల షాపులో పనిచేస్తున్నాను. పండగ ముందురోజు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మాట వణుకుతోంది.

"జరం వచ్చిందా ఏంది?" అని అడిగాను.

"అవ్, చలి పెడుతున్నది. కళ్లంల ఎండకు తిరిగిన గదా, గందుకే."

"నాయనకు చెప్పినవా?"

"మౌనంల ఉన్నడే. చెప్తే ఊకుంటడా? ఆటో కోసం అందరికీ ఫోన్లు చేస్తడు, అరుస్తడు, గొంతు ఖరాబైతది. రేపు పాట అయినంక దవాఖానకు పోతం తియ్. నువ్వు ఆయనకు చెప్పకు."

చెప్పకపోవడమేమిటని నాయనకు ఫోన్ చేశాను. మౌనంలో ఆయన ఫోన్ ఎత్తడు. అప్పుడూ ఎత్తలేదు.

పొద్దున్నే బస్సెక్కి ఊరు చేరేసరికి నాయన తెల్లారకముందే బృందంతో వెళ్లిపోయాడు. అమ్మ మంచం మీద దుప్పటి కప్పుకుని ఏదేదో మాట్లాడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. పొయ్యి మీద గిన్నెలో కరక్కాయ కాచిన నీళ్లు సగం మిగిలి ఉన్నాయి. అంత జ్వరంలోనూ లేచి ఆయన గొంతుకు కాచి పెట్టింది. ఆ గిన్నెను చూస్తే ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు.

ఆటోలో భద్రాచలం దవాఖానకు తీసుకెళ్లాను. మలేరియా మెదడుకెక్కిందని, ఆలస్యం చేశారని డాక్టర్ అన్నాడు.

పాట అయ్యాక కబురు అంది, సాయంత్రం నాయన పందిట్లోంచి నేరుగా వచ్చాడు. నుదుట బొట్టు ఇంకా చెదరలేదు. ఎన్నడూ అంత బాగా పాడలేదని వెంట వచ్చినవాళ్లు అన్నారు. ఆయన వాళ్ల వైపు చూడలేదు. మంచం పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమే, నేనొచ్చిన. మాట్లాడుతున్న సూడు. సైగలు లేవు, ఏం లేవు. లే."

ఆమెకు వినపడదని నర్సు చెప్పింది. ఆయన ఆపలేదు. పెళ్లైన కొత్తలో పడవలో గోదారి దాటిన సంగతి, ఆమె పెంచిన బర్రెల సంగతి, ఏనాడూ మెచ్చుకోని కూరల సంగతి, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. గొంతు జీరబోయింది. గోరువెచ్చని నీళ్లిస్తే తోసేశాడు. చివరికి పెదాలు మాత్రమే కదిలాయి. ఆ మాటలు ముందే చెప్పి ఉంటే ఏం పోయేదని అరవాలనిపించింది.

మర్నాడు పొద్దున అమ్మ కళ్లు తెరవకుండానే పోయింది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాటైనా విన్నదో లేదో నాకు తెలియదు.

శవాన్ని లేపేముందు మా ఊళ్లో భజన చెయ్యాలి. బృందమంతా వచ్చి వాకిట్లో కూర్చుంది. తాళాలు చేతుల్లో పట్టుకుని నాయన కోసం చూస్తున్నారు.

"ఎత్తుకో అన్నా. నువ్వెత్తుకుంటేనే గదా మేం అందుకునేది" అన్నాడు పక్కన కూర్చున్న తాళం వేసే ఆయన.

నాయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మెడ నరాలు పొంగేలా మళ్లీ ప్రయత్నించాడు. తర్వాత గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతిని అమ్మ వైపు చాపి, వేళ్లతో ఏదో సైగ చేశాడు. ఎవరికీ అర్థం కాలేదు.

"ఏందంటున్నడు బిడ్డా?" అని తాళం ఆయన నన్ను అడిగాడు.

నాకూ తెలియలేదు. ఆ సైగలన్నీ తెలిసిన మనిషి వాకిట్లో చాప మీద పడుకుని ఉంది.