తాడు లాగమన్న గొంతు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. చర్చిలో పాస్టరుగారు దయ్యాలను వెళ్లగొడుతుంటే వెనక వరుసలో కునుకు తీసినవాడిని. ఇది మాత్రం నాకే జరిగింది.

ఆరేండ్ల కిందట నేను సైప్రస్ దీవిలో ఉన్నాను. సముద్రం పక్కన చిన్న బీరు కార్ఖానా. నారింజ తొక్కలు వేసి, రకానికి కొంచెం చొప్పున కాచేవాళ్లు. నేను చెయ్యి పెట్టందే అక్కడ బీరు పొంగేది కాదని మా ఊరు వేంపల్లెలో అందరికీ చెప్పాను. అబద్ధం. నా పని ట్యాంకులు కడగడం.

ఆ రోజు పొద్దున ఏడింటికి తమ్ముడు దావీదు ఊరి నుంచి ఫోన్ చేశాడు. చీనీ చెట్లు, అదే బత్తాయిలు, ఎండిపోతున్నాయట.

"పాత బావిలో పూడిక తీస్తాండాము న్నా. నేనే దిగుతాండా."

"దీపం దించి చూసినారా?"

పాత బావిలో దిగేముందు తాడుకు దీపం కట్టి దించడం మా నాయన నేర్పిన పద్ధతి. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని అర్థం. దిగకూడదు.

"దీపాలు యాడున్నాయి న్నా ఈ కాలంలో! సెల్లు లైటేసి దించినాం. బాగా ఎలుగుతాండాది."

దిగొద్దురా అని అరిచానని, వాడే వినలేదని ఊళ్లో చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నేను నవ్వాను. తెలివైనోడివే అని ఫోన్ పెట్టేశాను.

పదకొండింటికి ఖాళీ ట్యాంకు మూత తీసి లోపలికి వంగి చూశాను. లోపలి నుంచి దావీదు గొంతు.

"న్నా, తాడు లాగు న్నా."

రెండుసార్లు. టార్చి వేశాను. తడి తప్ప ఏమీ లేదు.

పక్కన పైపు చుడుతున్న, నాతో పనిచేసే పత్తికొండ హనుమంతును, నీకేమైనా వినపడిందా అని అడిగాను.

"ఏమప్పా, వాసనకే ఎక్కిందా నీకు?" అని నవ్వాడు.

అప్పుడు తట్టింది నాకు. సెల్లు లైటుకు గాలితో పనేముంది? లోపల మనిషి చచ్చే గాలి ఉన్నా అది వెలుగుతూనే ఉంటుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. తడి వేళ్లకు అంకెలు సరిగ్గా పడక ఫోన్ హనుమంతుకే ఇచ్చాను. చాలాసేపటికి మరదలు ఎత్తింది. ఏడుపు తప్ప మాట లేదు.

అక్కడ పదకొండంటే మనకు ఒంటిగంటన్నర. దావీదును బావిలోంచి తీసింది పన్నెండుకు. అప్పటికే ఊపిరి లేదు. తీసినవాళ్లందరినీ అడిగాను, అదే మాట.

"నువ్వు ఫోన్ ఎంత తొందరగా చేసినా అయ్యేది కాదులే బావా," అంటుంది మరదలు.

నిజమే. నాకు ఆ గొంతు వినపడేసరికి వాడు గంటన్నరగా గట్టు మీద ఉన్నాడు. నడుముకు కట్టిన తాడు కూడా విప్పేశారు. మరి లాగమని నన్నెందుకు అడిగాడో, ఎక్కణ్నుంచి అడిగాడో ఈనాటికీ తెలియదు.

ఏ తాడో తెలిస్తే లాగేవాడిని.