కుండల మీద రాసిన జమాఖర్చు

'ఆ రోజుల్లో' అని ఎవరైనా మొదలుపెడితే రెండు జడల పిల్లో, పరికిణీ కట్టిన పడుచో కళ్ల ముందుకు వస్తుంది. నా ఆ రోజులు మాత్రం తల సగం నెరిశాక వచ్చాయి. నలభై దాటాక సాయంత్రం క్లాసులో అక్షరాలు దిద్దుకున్నాను. ఆ మరుసటి ఎండాకాలమే జీవితంలో మొదటి కొలువు దొరికింది. కాబట్టి నా పడుచుతనం అప్పుడే మొదలైందని నా లెక్క. కొత్తగా చదువొచ్చిన మనిషికి కంటికి కనిపించినవన్నీ చదవాలనిపిస్తుంది. బస్సు మీద ఊరి పేరు, బిస్కెట్ పొట్లం, దగ్గు మందు సీసా, గోడ మీద 'ఇక్కడ మూత్రం పోయరాదు', ఏదీ వదల్లేదు. (పైకే చదివేదాన్ని. అందుకని మా ఆయన నాతో బజారుకు రావడం మానేశాడు.)

ఆ కొలువు ఏమిటంటే, గద్వాల బస్టాండు ముందర చలివేంద్రంలో నీళ్లు పోయడం. ఊళ్లోని ఒక చిన్న సేవా సంఘం దాన్ని నడిపేది. ఆ సంఘం అధ్యక్షుణ్ణి అందరూ ఫ్లెక్సీ సారు అనేవాళ్లు. ఆయన ఏ మంచి పని చేసినా ముందు ఫ్లెక్సీ వచ్చేది, పని దాని వెనక మెల్లగా నడిచి వచ్చేది. ప్రారంభం రోజున షామియానా వేశారు, మైకు పెట్టారు, వచ్చిన పెద్దలందరికీ శాలువాలు కప్పారు. పెళ్లిలో చదివింపులు చదివినట్టు ఫలానావారు ఇంత, ఫలానావారు ఇంత అని దాతల పేర్లన్నీ మైకులో చదివారు. అవే పేర్లు ముఖాలతో సహా పెద్ద ఫ్లెక్సీ మీద వేయించి చలివేంద్రానికి అడ్డంగా కట్టారు. దాని వెనక ఎనిమిది రంజన్ కుండలు, వాటి పక్కన నేను ఉన్నట్టు రోడ్డు మీదవాళ్లకు తెలిసేదే కాదు. దాహమైనవాళ్లు దాతల గడ్డాల కింద నుంచి వంగి లోపలికి వచ్చేవాళ్లు.

వంగి వచ్చినా పొద్దు నడినెత్తికి ఎక్కేసరికి కుండలు ఖాళీ. ట్యాంకరు పొద్దున ఒకసారి వచ్చి పోయేది, అదీ సగం నింపి. ఇంకో ట్యాంకరు కావాలని సారును అడిగితే, నిధులు అయిపోయినయి, జర సర్దుకో అన్నాడు. దాహాన్ని ఎలా సర్దాలో సాయంత్రం క్లాసులో నాకు చెప్పలేదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం రాజోలి నుంచి ఒక తాత వచ్చాడు. భార్యను దవాఖానలో చేర్చి, తాను ఏమీ తినక, తాగక తిరుగుతున్నాడు. ఒక్కో కుండలోకి తొంగి చూసి, బయటికి పోయి, పక్క చాయ్ బండివాడితో ఫ్లెక్సీ మీది పేర్లు చదివించుకుని మళ్లీ లోపలికి వచ్చాడు. కోపంగా అని ఉంటే నేనూ కోప్పడేదాన్ని. నిదానంగా అడిగాడు.

“బిడ్డా, గింతమంది ఇచ్చిన నీళ్లు ఏడవోయినయ్? నువ్వే తాగినవా?”

“గన్ని తాగితే కడుపు ఆగుతదా తాతా? అమ్ముకొని ఉంటది” అన్నాడు చాయ్ బండివాడు నవ్వులాటకు.

నవ్వులాట మాట సాయంత్రానికి మా సాలోళ్ల వీధికి నిజమై చేరింది. మా ఆయన అక్క, అంటే మా వదిన, మగ్గం మీది నుంచి దిగకుండానే అందుకుంది. “ఏమే, నీళ్లమ్ముతున్నవంట. మాకు గూడ ఒక బిందె పొయ్యి, పైసలిస్తం.” ఆ నెలే నేను కొత్త స్టీలు బిందె కొన్నాను. వీధిలో ఆడవాళ్లంతా దాన్ని వచ్చి చూసి పోయారు. మా ఇంట్లో మనుషుల్ని చూడటానికి కూడా అంతమంది ఎప్పుడూ రాలేదు.

మర్నాడు సంఘం ఆఫీసుకు వెళ్లి లెక్క చూపించమన్నాను. సారుకు కోపం రాలేదు సరికదా సంబరపడ్డాడు. తమ దగ్గర దాపరికం లేదని, ప్రతి రూపాయికీ రసీదు ఉందని ఫైలు నా ముందర పెట్టాడు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. ఫ్లెక్సీలు, షామియానా, మైకు, శాలువాలు, దండలు, టిఫిన్లు, ఫొటోలు, వీడియో. నీళ్లు ఎక్కడో అడుగున, శాలువాల బరువు కింద పడి ఉన్నాయి.

“గిండ్ల దొంగతనం ఏడున్నది సారూ?” అన్నాను.

“ఏడ లేదమ్మా. ఉంటే చూపియ్యి.”

“మరి నీళ్లు ఏడున్నయ్?”

దానికి రసీదు లేదు. ఏడాదికోసారి నివేదిక అచ్చువేసి పైవాళ్లకు పంపుతామని, ఎవరికి చూపించాలో వాళ్లకు చూపిస్తామని చెప్పాడు. ఆ పైవాళ్లెవరో నాకు తెలియదు గానీ, వాళ్లు మా కుండల్లో నీళ్లు తాగేవాళ్లు కాదని మాత్రం తెలుసు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. దొంగ ఉంటే పట్టుకోండని అరవచ్చు. ఇక్కడ దొంగ లేడు, అన్నీ సక్రమమే, ఎండకు నాలుక పిడచకట్టిన జనం తప్ప. నింద పడిందేమో బస్టాండు నడుమ, నా మీద. నేను తినలేదని చెప్పే కాగితం ఉన్నదేమో ఆఫీసు బీరువాలో, తాళం వేసి. ఆ లెక్క రాసుకుంటానని అడిగితే నవ్వి, రాసుకో అన్నాడు.

ఇంటికి వచ్చి చింతగింజలు ముందరేసుకుని కూర్చున్నాను. వచ్చిన డబ్బంతా ఎనిమిది కుండల నీళ్లనుకుంటే ఏ ఖర్చుకు ఎన్ని కుండలు పోయాయో చూడాలని. నాకు కుదరక గింజలు చెదరగొడుతుంటే వదిన వచ్చి పక్కన కూర్చుంది. (ఆమెకు ఒక్క అక్షరం రాదు. చీరకు పోగులు లెక్కబెట్టే చేతికి గింజలొక లెక్కా?) అంతా పంచాక నా వైపు చూసి, “నీ జీతం గూడ రాస్తవా?” అంది. రాస్తానన్నాను. ఆమె లేచి సున్నం కలిపి ఇచ్చింది.

పొద్దున్నే ఫ్లెక్సీని ఒక పక్కకు జరిపి, కుండల మీద సున్నంతో రాశాను. మొదటి దాని మీద 'ఇవి ఫ్లెక్సీలు తాగినవి'. రెండో దాని మీద 'ఇవి కూడా ఫ్లెక్సీలే'. ఆ తర్వాత షామియానా మైకు తాగినవి, శాలువాలు దండలు తాగినవి, టిఫిన్లు తాగినవి, ఫొటోలు తాగినవి. ఏడోది కుండలకు, తడికెలకు. ఎనిమిదో దాని మీద 'జనం తాగినవి'. చివరికి ఒక చెంబు బోర్లించి 'నేను తాగినవి' అని రాశాను. వనపర్తి బస్సు దిగినవాళ్లు నీళ్లు మరిచిపోయి కుండలు చదవసాగారు. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. నేను రాసినదానికి ఇంతమంది చదువరులు దొరుకుతారని అనుకోలేదు. రాజోలి తాత కూడా వచ్చాడు. చేతికర్రతో ఒక్కో కుండనూ తాకుతూ, ఎవరు ఎంత తాగారో నన్ను అడిగి తెలుసుకుంటూ చెంబు దగ్గర ఆగాడు.

“నువ్వు తాగింది గిదేనా?”

“గింతే తాతా.”

“జర ఎక్కువ తాగాల్సింది బిడ్డా” అన్నాడు. చాయ్ బండివాడు ఆ పూట తాతకు చాయ్ ఊరికే ఇచ్చాడు. నాకూ ఒకటి పంపాడు, నా మొహం చూడకుండా.

ఈ సంగతి తెలిసి మధ్యాహ్నానికి ఫ్లెక్సీ సారు పరుగున వచ్చాడు. వెంట అలవాటుగా ఫొటో తీసే అతను. దాపరికం లేదని చెప్పిన మనిషి చెమటలు తుడుచుకుంటూ, సంఘం పరువు తీసినవు, ముందు ఆ రాతలు కడుగు అన్నాడు.

“వచ్చింది మీరు మైకుల చదివిండ్రు, పోయింది నేను కుండల మీద రాసిన. కడుగుమంటే కడుగుత సారూ. నీళ్లు లేవు. ట్యాంకరు తెప్పియ్యుండ్రి.”

బస్సు కిటికీల్లోంచి నవ్వులు వినిపించాయి. మిట్టమధ్యాహ్నం పూట ఆ చలివేంద్రానికి ట్యాంకరు రావడం అదే మొదటిసారి. కడగడానికి ఒక కుండెడు నీళ్లు చాలు గనుక, మిగిలినవన్నీ జనం తాగారు. ఆ సాయంత్రం మా వదిన వీధంతా తిరిగి, మా ఇంటి మనిషి తాగింది చెంబే అని చెప్పి వచ్చింది.

తర్వాతి ఎండాకాలం నన్ను పిలవలేదు. ఫ్లెక్సీ అడుగున మాత్రం చిన్న అక్షరాలతో ఖర్చులు కూడా వేశారు. అవి చదవాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చునే చదివాను.

నేను పనిచేసిన ఏటి నివేదికలో నా ఫొటో పడింది, కుండలు తోముతూ. కింద 'చలివేంద్రంలో పరిశుభ్రతా కార్యక్రమం' అని రాశారు. దాన్ని దాచుకున్నాను. కొంగు నడుముకు దోపి, ముక్కు మీద సున్నంతో, కెమెరా వైపు కొట్టేలా చూస్తున్న ఆ మనిషిని చూస్తే నవ్వొస్తుంది. ఇప్పుడు నేను ఏ సంఘం బోర్డు కనిపించినా చదివి, తల ఆడించి, లెక్క అడగకుండానే, సీటు దొరుకుతుందో లేదోనని బస్సు వైపు నడుస్తున్నాను. ఆ ఫొటోలో ఆమె గనక ఎదురుపడితే, నన్ను కూడా ఏదో ఒక కుండ మీద రాసేస్తుంది.