చెయ్యి పెట్టని మనిషి

2023లో సిరిసిల్లలోని ఒక చిన్న ఆర్ట్ గ్యాలరీలో నేను ఇన్విజిలేటర్‌ని. పరీక్ష హాలు అనుకునేరు. బొమ్మల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల చేతులను కనిపెట్టుకుని ఉండడమే ఆ పని. ముందు గదిలో చిత్రపటాలు, లోపలి గదిలో గోడకు వేలాడదీసిన నేత బట్టలు, పక్కనే ‘ముట్టుకోరాదు’ అని బోర్డు. మా ఊళ్లో ఆ బోర్డును ఎవరు లెక్కచేస్తారు? బట్ట కనబడితే అంచు తిరగేసి, వేళ్ల మధ్య నలిపి చూడందే ఇక్కడివాళ్లకు కాళ్లు కదలవు.

అలాంటి చోటికి ప్రతి బుధవారం కోరుట్ల నుంచి ఒకామె వచ్చేది. ఒక్కతే. ఫోన్ తీయదు, సెల్ఫీ లేదు. నీలం నేత బట్ట ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడేది. ఒక్కసారీ ముట్టుకోలేదు.

నా అనుమానం అక్కడే మొదలైంది. బట్టను ముట్టకుండా చూసేదెవరు? గుర్తుపెట్టుకునేవాళ్లే! డిజైన్ ఎత్తుకుపోయి పవర్‌లూమ్ మీద దించేవాళ్లకు కొదవా?

ఊడ్చే ఎల్లవ్వ వంత పాడింది. “ఆడిమనిషి ఒక్కతే బస్సెక్కి గోడ సూడనీకి అస్తదా అక్కా? ఏదో మతలబున్నది.”

ఒక బుధవారం వెళ్లి ఆమె పక్కనే నిలబడ్డాను. “ఏ సేటు పంపిండమ్మా నిన్ను?”

ఉలిక్కిపడింది. “ఎవ్వలు పంపలే మేడం. కోరుట్లల చీరల షాపుల పనిచేస్త. బుధవారం బంద్.”

“మరి ముట్టవేంది?”

“ముట్టద్దని బోర్డు మీరే పెట్టిండ్రు కద!”

“అందరు ముడుతరు!” అన్నాను. నాకే వింతగా వినిపించింది.

“వారమంతా చీరలు విప్పుడు, మడతవెట్టుడు, ‘సూడక్కా’ అని ఒర్రుడే. ఇంటికి పోతే ఇంటినిండ మంది. ఎవ్వలు పలకరియ్యని జాగ నాకు గిదొక్కటే. మీరు గూడ గిట్ల అడుగుడు వెడితే నేనింక రాను.”

అన్నట్టే మరుసటి బుధవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

“సూసినవా, దొరికి ఉరికింది,” అంది ఎల్లవ్వ. ఆ నీలం డిజైన్ ఎక్కడైనా తేలుతుందేమోనని బజారులో దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడా తేలలేదు.

దసరా వెళ్లాక ఒక బుధవారం మధ్యాహ్నం ఆమె గడపలో నిలబడి నా వైపు చూసింది. నేను పలకరించలేదు. ఎల్లవ్వను చీపురుతో సహా బయటికి పంపి, కుర్చీని ముందు గది పటాల వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆమె లోపలికి నడిచింది.

కాపలా అంటే ఎదురుగా కూర్చుని గుడ్లురమడం కాదని ఆమె వల్లే తెలిసింది. నేను తిరిగిన వైపు అద్దం బిగించిన పటం ఒకటుంది. లోపలి గదిలో నిలబడ్డ ఆమె అందులో నిలువెత్తునా కనబడుతుంది, రెండు చేతులతో సహా.