గోల్‌కీపర్ దాకా రాని బంతి

మా అన్నకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒర్లియంపేటలో మా చుట్టాల్లో చాలామందికి అంతే. తమిళ బడిలో చదువుకున్నారు, ఇంట్లో తెలుగు తిట్లు తిన్నారు. నాకు మాత్రం అమ్మ పట్టుబట్టి అక్షరాలు దిద్దించింది. అన్న గోడ దూకి ఫుట్‌బాల్ ఆడటానికి పోయాడు. అందుకే ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం బుద్ధిగా విని, "ఆ లెక్క తప్పు పాపా" అని నన్నే దిద్దుతాడు. ఇంట్లో అందరికీ నేను పాపనే, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినా సరే.

నేను మేట్టుపాళయంలో మందుల సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీలో, క్వాలిటీ సెక్షన్‌లో పని చేస్తాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు కాబట్టి మీరూ అడగక్కర్లేదు. మా సెక్షన్‌లో కొందరు ఫుట్‌బాల్ పిచ్చివాళ్లు ఫోన్‌లో ఫాంటసీ లీగ్ ఆడతారు, వాళ్లతో పాటు నేనూ. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఆడే అసలు ఆటగాళ్లలోంచి కొందరిని ఏరుకుని మనం ఒక ఉత్తుత్తి టీము కట్టుకోవాలి. ఒక్కో ఆటగాడికి ఒక్కో ధర, మన చేతిలో ఉత్తుత్తి డబ్బు. శనివారం వాళ్లు అక్కడ నిజంగా గోల్ కొడితే ఇక్కడ మనకు పాయింట్లు. గెలిచినా ఒరిగేదేమీ లేదు, వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులు ఎగరడం తప్ప.

అన్నను ఇందులోకి లాగింది నేనే. దానికి కారణం ఆట కాదు, తాగుడు.

అన్న ఆటో విడిభాగాలు అమ్మే దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడతాడు. మంచివాడు. తాగేవాళ్లందరి గురించీ ఇంట్లోవాళ్లు ఇదే మాట అంటారని నాకూ తెలుసు, అయినా అంటున్నాను. మా ఊళ్లో బార్ ఎక్కడుందని వెతుక్కోనక్కర్లేదు, బార్ లేని దారి ఎక్కడుందని వెతుక్కోవాలి. శనివారం సాయంత్రం దుకాణం మూశాక మొదలుపెడితే సోమవారం పొద్దున దాకా మనిషి మనిషి కాదు. వదిన ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? కూతుర్ని తీసుకుని విల్లియనూరులో పుట్టింటికి వెళ్లిపోయింది, అక్కడే బట్టల షాపులో పనికి కుదురుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. వెళ్లేముందు ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టింది. అది చూసి, ఎప్పటికైనా తిరిగి వస్తుందనే అనుకున్నాను.

ఇంగ్లండ్ మ్యాచ్‌లు మనకు శనివారం సాయంత్రాల్లో పడతాయి. బార్‌కు వెళ్లే వేళా అదే. ఆ వేళకు ఇంకో పిచ్చి తగిలిస్తే పోలా అని నా ఎత్తు. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా.

ఎత్తు పారింది. ఆట తెలిసిన మనిషి, ఒకప్పుడు ఊళ్లో టీముకు డిఫెన్స్‌లో ఆడినవాడు, మా సెక్షన్‌లోని వాళ్ల కన్నా ఎంతో బాగా చూసేవాడు. ఈ లీగ్‌లో ధరలన్నీ పోయిన సీజన్‌ను బట్టి కడతారు. కిందటేడు ఎవరూ అనుకోనంతగా గోల్స్ కొట్టినవాడి మీదకు ఆగస్టులో అందరూ ఎగబడతారు. ఆ ఏడు అలాంటివాడు ఒకడున్నాడు, మధ్యలో ఆడేవాడు. అంతకుముందు ఎవరికీ పేరు కూడా తెలియదు, ఒక్క సీజన్‌లో గోల్స్ కుప్ప పోశాడు. అందరూ కొన్నారు, నేనూ కొన్నాను. అన్న నా ఫోన్ తీసుకుని చూసి పెదవి విరిచాడు.

"ఎన్ని కొట్టినాడని చూడొద్దు పాపా, ఎన్ని ఛాన్సులొచ్చినాయో చూడు. వీనికొచ్చినవి కొంచెమే. పోయినేడు యాడ తన్నినా పోయి గోల్లోనే పడింది. ఈ ఏడు పడదు."

"ఎందుకు పడదంట?"

"తాత తోటలు గుత్తకు పట్టతా ఉన్నెడు గదా. ఒక్క ఏడు కాపు చూసి ఎవురన్నా మామిడి తోట పట్టతారా? విరగ కాసిన చెట్టు మరుసటేడు పండుకుంటుంది."

అతను చెప్పినట్టే అయింది. దీపావళి నాటికి ఆ ఆటగాడు బెంచీ మీద కూర్చున్నాడు, మా సెక్షన్ అంతా నెత్తిన చేతులు పెట్టుకుంది. ఎవరూ పట్టించుకోని ఇంకొకణ్ని పెట్టుకుని అన్న లీగ్‌లో పైకి పాకాడు. పాకుతూ పాకుతూ, ఆ సీజన్ అంతా తాగలేదు.

నేను వారాలు లెక్కపెట్టలేదు, దిష్టి తగులుతుందని. కానీ కాపలా మాత్రం కాశాను. శనివారం దుకాణం మూసే వేళకు స్కూటర్ వేసుకుని వెళ్లి ఎదురుగా నిలబడేదాన్ని. పెళ్లిళ్లకు వెంట వెళ్లి, చెయ్యి కడుక్కోవడమే ఆలస్యం, బండి ఎక్కించేదాన్ని. పాత స్నేహితులు వస్తే గేటు దగ్గరే నాలుగు తిట్టి పంపేదాన్ని. తిట్టడంలో మా వీధిలో నాకు పేరుంది. ఆదివారం అన్న బస్సెక్కి విల్లియనూరు వెళ్లేవాడు. కూతురికీ వదినకూ లీగ్ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. పిల్ల జుట్టు బాగున్న ఆటగాళ్లను ఏరేది. వదిన నవ్వేదట. నవ్విందని నాకు చెప్పేటప్పుడు అన్న మొహం చూడాలి.

మేలో సీజన్ అయిపోయింది. లీగ్‌లో అన్న మొదటివాడు. జూన్‌లో బళ్లు తెరుస్తారు. పిల్లకు మా ఇంటికి దగ్గర బడిలో సీటు దొరికింది, ఒక సోమవారం వెళ్లి చేర్పించాలి. దానికి ముందు ఆదివారం అన్న వెళ్లలేదు, వదినే వచ్చింది, పిల్లనూ ఒక సంచినీ తీసుకుని. ఒక్క పూటకు తెచ్చే సంచి కాదది. నేను చూశాను, నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

పిల్ల పైన నా గదిలో టీవీ చూస్తోంది. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని బీన్స్ తరుగుతున్నాను. వదిన పొయ్యి దగ్గర, అన్న కుర్చీలో. సాంబారు పొంగబోతుంటే వదిన మంట తగ్గించి, ఇటు తిరిగి, నవ్వుతూనే అడిగింది.

"ఒకటి అడగతా, కోపం చేసుకోకూడదు. మీ ఆటలో మీరే ఒక ఆటగాడనుకోండి. పోయిన సీజన్ చూసి, మిమ్మల్ని మీరు టీములోకి తీసుకుంటారా?"

నేను వేళాకోళం అనుకున్నాను. అన్న నవ్వలేదు. శనివారం టీము గడువు దగ్గర పడుతుంటే గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తాడే, అలా ఆలోచించాడు.

"తీసుకోను" అన్నాడు.

"ఏంది?" అంది వదిన.

"తీసుకోను. గోల్‌కీపర్ గోల్ తినలేదంటే రెండు రకాలు. వచ్చిన బంతిని పట్టినోడు ఒకడు, బంతే రానోడు ఒకడు. నా దాకా బంతి యాడొచ్చింది? ఈ పాప రానిచ్చిందా? పెండ్లికి పోతే పక్కనే కూసునింది. వాండ్లొస్తే గేటు కాడే తరిమింది. నా ముందర గ్లాసు పెడితే నేను వద్దనింది ఒక్క తూరన్నా లేదు. ఆ నెంబరు నాది కాదు, డిఫెన్సుది. అది నమ్మి బిడ్డ బడి మార్చొద్దు. ఇంకో సీజన్ చూడు."

నన్ను పొగుడుతున్నాడని నాకు అర్థమైంది. చేతిలో ఉన్న కత్తి విసిరేయాలన్నంత కోపం వచ్చింది. నోట్లోంచి వాసన కొడుతుండగా, కూతురి మీద ఒట్టేసి తాగలేదని చెప్పిన మనిషి ఇతను. అబద్ధాలకు ఏనాడూ తడుముకోలేదు. జన్మకొక నిజం చెప్పడానికి ఆ రోజే దొరికిందా? పైగా లెక్క తప్పని కూడా నేను అనలేను. ఒక లాటులో మూతలన్నీ బాగున్నాయని మెషిన్ బాగైందని మా సెక్షన్‌లోనూ ఎవరూ సంతకం పెట్టరు.

వదిన పొయ్యి వైపు తిరిగింది. "సరి" అంది. అంతే. సాంబారు దించింది, అందరికీ వడ్డించింది, తను కూడా తింది. సాయంత్రం పిల్లను లేపి చెప్పులు వేసింది. బస్టాండు దాకా సంచి అన్నే మోశాడు. "ఇంత బరువుగా ఉందే, ఏముంది దీంట్లో?" అని అడిగాడు.

"బట్టలు" అంది వదిన.

ఆ మాటకైనా అర్థమవుతుందేమో అని నేను అతని వైపు చూశాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా లేదా అన్నదే అతని ధ్యాస.

ఇక ఆగస్టు దాకా మ్యాచ్‌లు ఉండవు. శనివారం సాయంత్రాలు ఖాళీ. నేను ఎప్పటిలాగే స్కూటర్ వేసుకుని వెళ్లాను. మొదటి రెండు వారాలు వచ్చి బండెక్కాడు. తర్వాత ఒక శనివారం నేను దుకాణం ఎదుట నిలబడే ఉన్నాను, షట్టర్ దించేశారు, అన్న లేడు. వెనక గోడౌన్ గుమ్మంలోంచి వెళ్లిపోయాడట. నన్ను డిఫెన్సు అన్నాడుగా! గోల్‌కీపరే బంతిని చేత్తో లోపలికి విసురుకుంటుంటే డిఫెన్సు ఏం చేస్తుంది?

ఇంటికి వచ్చాక గొంతు చించుకుని అరిచాను. అతను గోడకు ఆనుకుని చిన్నగా నవ్వాడు.

"చెప్పినా గదా పాపా, ఇంకో సీజన్ చూడమని."

తన అంచనా నిజమైందని ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. తాగుడు కన్నా అదే నాకు ఎక్కువ మండింది. ఇంగ్లండ్‌లో ఆడేవాడికి, ఒర్లియంపేటలో తనను కొన్నారో లేదో తెలియదు. మనం వద్దనుకున్నంత మాత్రాన వాడి కాలు వంకర పోదు. ఇక్కడ వద్దనుకున్నవాడూ, వద్దనిపించుకున్నవాడూ ఒకే కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు తన గురించి తను వేసిన వెల తన చెవులతోనే విన్నాడు. ఇక ఆ వెలకు తగ్గట్టే ఆడాడు.

ఆగస్టులో కొత్త సీజన్ మొదలైంది. మొదటి వారం టీము కట్టాడు, ఆ తర్వాత ముట్టుకోలేదు. ఈ ఆటలో మనం పట్టించుకోకపోయినా టీము దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. కాలు విరిగినవాడూ, వేరే దేశం పోయినవాడూ అన్న టీములో అలాగే ఉన్నారు. సున్నాలు వస్తున్నాయి. అన్న పేరు పట్టిక అడుగుకు జారింది. మా సెక్షన్‌లో వాళ్లు ఏమైందని అడిగితే పనెక్కువైందని చెప్పాను. వాళ్లు పోయిన సీజన్ నెంబర్లు చూసి, మళ్లీ పుంజుకుంటాడులే అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు విల్లియనూరు నేను వెళుతున్నాను. అన్న ఆదివారం పూట వెళ్లే స్థితిలో ఉండడు. పిల్ల, నాన్న టీములో ఎవరున్నారని అడగడం మానేసింది. కిందటిసారి వదిన బస్ స్టాపు దాకా వచ్చింది. షాపుకు కట్టుకెళ్లే చీరలోనే ఉంది, మనిషి చిక్కింది.

"తాగతానే ఉండాడా?" అని అడిగింది.

"ఊ" అన్నాను. ఊరుకుంటే పోయేది, ఊరుకోలేకపోయాను. "పోనీలే వదినా, ఆ పొద్దు నిజమే చెప్పినాడు గదా. నువ్వు వచ్చేసుంటే మళ్లీ అదే పాటు."

వదిన నా వైపు తిరగలేదు. బస్సు వచ్చే వైపే చూస్తూ అంది.

"నిజమా కాదా అని నేను అడిగితినా పాపా? బట్టలు సర్దుకుని వచ్చినదాన్ని. తీసుకుంటానని ఒక్క మాట, అబద్ధమన్నా చెప్పుంటే చాలు. ఉండిపోయుందును."

బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ మాట అన్నకు ఇంతవరకు చెప్పలేదు. తాగి ఉన్నప్పుడు చెబితే ఏడుస్తాడు. తాగనప్పుడు చెబితే తాగుతాడు.