నాన్న కాంటెస్సా బ్రేకులు

నాన్న పోయాక ఏళ్ల తరబడి పాకలో నిద్రపోయిన కాంటెస్సా కారుని నిరుడు నరసరావుపేటలో బాగు చేయించాను.

"ఈ బరువుకి పాత బ్రేకులు చాలవన్నా. డిస్కు బ్రేకులు ఏయిద్దాం" అన్నాడు మెకానిక్ మస్తాన్.

అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాయన వీటితోనే తిరిగాడు. ఏదీ మార్చమాక."

అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని క్రోసూరు వైపు బయలుదేరాను. సాయంత్రపు ఎండలో పత్తి చేలు తెల్లగా తేలిపోతున్నాయి. కారు పడవలా సాగుతోంది. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గేదెలు. బ్రేకు బలంగా తొక్కాను. కారు కలలోలాగా జారుతూ జారుతూ వెళ్లి, చివరి గేదెకు జానెడు దూరంలో ఆగింది.

అమ్మ వైపు చూశాను. ఆమె కుడికాలు ఇంకా నేలను నొక్కే ఉంది. దాని కింద మ్యాట్ ఎప్పుడో అరిగి చిల్లు పడిందని అప్పుడే గమనించాను.

"మీ నాయన నడిపినన్నాళ్లూ నేనూ తొక్కతానే ఉన్నాన్రా" అంది అమ్మ. "ఆ కొత్తవి ఏయించు."

వేయించాను. మ్యాట్ మాత్రం మార్చలేదు.