నూకాలమ్మ డబ్బాలో కొసరు

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి. విశాఖలో ఒక విశ్వవిద్యాలయం చేస్తున్న కిడ్నీ పరిశోధనలో కాంట్రాక్టు నర్సుగా చేరాను. పదిహేడేళ్లు వార్డుల్లో నిలబడి కాళ్లు అరిగిపోయాయి, ఇక్కడైనా కాస్త కూర్చోవచ్చనుకున్నాను. ఎక్కడ కూర్చోవడం! ఫిషింగ్ హార్బర్ వెనక సందుల్లో ఇల్లిల్లూ తిరగడమే పని.

మేం సేకరించేది ట్వంటీఫోర్ అవర్ యూరిన్. అంటే ఉదయం మొదటిసారిది వదిలేసి, మర్నాటి ఉదయం దాకా వచ్చిన మూత్రమంతా ఒకే డబ్బాలో పట్టాలి. అందులో క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోలిస్తే ప్రోటీన్ ఎంత ఉందో ల్యాబులో చూస్తారు. ప్రోటీన్ హద్దు దాటినవాళ్లనే రక్తపరీక్షకు పిలుస్తారు. "ఈ డబ్బాలు మొయ్యడానికేనా నర్సింగ్ చదివింది?" అని మా ఆయన వెక్కిరించేవాడు.

నూకాలమ్మకు యాభై దాటాయి. తెల్లవారకముందే హార్బర్‌లో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం దాకా వీధులు తిరిగేది. మా కోసం ఒకరోజు అమ్మకం మానుకుంది. మర్నాడు వెళ్లి చూస్తే డబ్బా అడుగున నాలుగు వేళ్ల మందం ఉంది, అంతే. సగం పారబోసి ఉంటుందనుకున్నాను. అప్పటికే ఆరిళ్లు తిరిగాను, ఎండ మాడ్చేస్తోంది.

"ఇంతేనా అక్కా? ఇలా ఇస్తే పైవాళ్లు నన్ను తిడతారు. ఇది పారబోసి మళ్లీ పట్టు," అన్నాను విసుగ్గా.

"అంతే అయ్యింది నర్సమ్మా. నానేటి సెయ్యను?" అంది.

ఆ వారంలోనే ఇంకోరోజు ఇంట్లో ఉండిపోయింది. ఈసారి డబ్బా సగం దాటింది. హమ్మయ్య అనుకుని సంతకం పెట్టాను. రిపోర్టు నార్మల్ అని వచ్చింది, రక్తపరీక్షకు ఆమెను ఎవరూ పిలవలేదు.

నాలుగు నెలల తర్వాత హార్బర్ గేటు దగ్గర కనిపించింది. ముఖం ఉబ్బిపోయింది. పాదం మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది.

"రిపోర్టు బాగానే వచ్చిందే అక్కా?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా కోడలిది కాత్త కలిపినానమ్మా."

"ఎందుకు కలిపావు?"

"తక్కువైతే నిన్ను తిడతారన్నావు కదేటి. సేపలు తూకమేసినాక మేం గుప్పెడు కొసరెయ్యమా? అలాగే ఏసినాను. నీకు మాట రాకూడదని."

అప్పటికప్పుడు ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాను. కోడలి మూత్రం కలిసి నిష్పత్తి హద్దులోపల పడిందని, ఈమె జబ్బు అందులో దాగిపోయిందని డాక్టరు చెప్పారు. ఇప్పుడు రక్తంలో క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది. నాలుగు నెలల ముందే మందులు మొదలుపెట్టి ఉంటే కిడ్నీలను ఇంకొన్నాళ్లు కాపాడేవాళ్లమన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటూనే ఉంది.

ఆస్పత్రి వరండాలో అడిగాను. "ఆ మొదటిసారి నిజంగా అంతే వచ్చిందా? నువ్వు నీళ్లు తాగవా అక్కా?"

"తాగితే ఎక్కడికెల్తాను? సేపలు కొంటారు గానీ, ఏ ఇల్లాలు తన బాత్రూంలోకి రానిత్తాది? తట్ట ఖాళీ అయ్యేదాకా గుక్క ముట్టను. ఇంటికాడున్నా దాహమే ఎయ్యదు. అలవాటైపోనాది."

మా ఫారంలో రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారన్న ప్రశ్న ఉంది. ఎందుకు తాగరన్నది లేదు. జరిగిందంతా రాసిచ్చాను. శాంపిల్ కల్తీ అయింది కాబట్టి నిబంధన ప్రకారం ఆమె వివరాలు పరిశోధనలోంచి తీసేశారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పటికీ అదే పని, అవే సందులు, అదే ఎండ. ఎంత వస్తే అంతే ఇమ్మని ప్రతి ఇంట్లోనూ రెండుసార్లు చెబుతున్నాను. తక్కువ వస్తే విసుక్కోకుండా పక్కన కూర్చుని కారణం అడుగుతున్నాను. ఈ బుద్ధి నాకు ఆ రోజు ఆరో ఇల్లు దాటాక కూడా ఉండాల్సింది. పోయిన నెల నుంచి నూకాలమ్మకు డయాలసిస్ మొదలైంది.